పొనికి కిరీటం ఎవరి పరిశోధన?

తెలుగు నాటక చరిత్రలో రంగాలంకరణ ప్రస్తావన వస్తే 1885లో పుట్టిన సురభి తెరల్ని, పట్నపు నాటక సమాజాల హంగుల్ని వర్ణిస్తారు. చిందు భాగవతం దగ్గరికొచ్చేసరికి కథలూ పాటలూ చెప్పి ఊరుకుంటారు. ఆ కిరీటం ఎవరు చెక్కిండ్రు? ఏ చెక్కతో? ఆ చెక్కే ఎందుకు? ఎవరూ అడగరు. పాటకు సాహిత్యంలో ఓ మూల చోటిచ్చారు గానీ, చేతికి చరిత్రలో చోటివ్వలేదు. చేతిపని చేసేవాడికి ఆలోచన ఉండదనే కులభావమే దీనికి మూలమని మా వాదన.

చిందులు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగవాడల్లో ఆడి అడుక్కోవడం తరతరాలుగా వాళ్ల మిరాశి. కూచిపూడిలో మగవాళ్లే ఆడవేషం కట్టే కాలంలో కూడా చిందు మేళంలో ఆడవాళ్లు గజ్జె కట్టారు. 2005లో మరణించిన నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ పేరు అందరికీ తెలిసిందే.

వీళ్ల కిరీటాలు, భుజకీర్తులు పొనికి చెక్కవి. నిర్మల్ బొమ్మలు చేసేదీ ఈ చెక్కతోనే. తేలికగా ఉంటుంది, ఉలికి ఇట్టే లొంగుతుంది. చిందు అంటేనే ఎగిరి వేసే అడుగు. తెల్లవార్లూ ఎగిరే మనిషి నెత్తిమీద బరువు కిరీటం నిలుస్తదా? ఆటను బట్టి బరువు, బరువును బట్టి చెక్క. ముఖానికి పూసే పసుపురంగు అర్దళం సంగతీ అంతే. దివిటీ వెలుగులో, ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మ కంటికి కూడా వేషం ఆనాలి. అయితే అర్దళంలో ఉండేది ఆర్సెనిక్, అంటే విషం. ఆ రంగునే తరతరాలు ముఖాలకు పూసుకున్నాయి. ఈ జ్ఞానం ఊరికే వచ్చింది కాదు.

ప్రదర్శన తయారుచేయడమే ఒక పరిశోధన పద్ధతి అనే చర్చ 1990లలో బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ఊపందుకుంది. బ్రిస్టల్‌లో 2001 నుంచి 2006 దాకా దీని మీద ఒక పెద్ద ప్రాజెక్టే నడిచింది. మంచిదే. అట్లని ప్రతి చేతిపనీ పరిశోధనే అని మేం అనడం లేదు. ఒక ప్రశ్న ఉండాలి, జనం ముందు పరీక్ష జరగాలి, తేలిన సంగతి మరొకరికి అందాలి. చిందు మేళంలో ఈ మూడూ ఉన్నాయి. లేనిదల్లా డిగ్రీ కాగితమే.

జాంబపురాణం చూడండి. గోసంగి వేషం కట్టిన మాదిగ మూలపురుషుడు బ్రాహ్మణ పాత్రతో పుట్టుక గురించి వాదిస్తాడు. ఎవరు ముందు, ఎవరు పెద్ద అని నిలదీస్తాడు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం తర్వాత దీన్ని మన చరిత్రగా చదవడం పెరిగింది. కానీ మాటల్ని మాత్రమే అచ్చువేస్తే దక్కేది సగమే. ఊరు దూరం పెట్టిన మనిషి అందరి నడుమా నిలబడి, తలెత్తి, ప్రశ్న వేస్తున్నాడు. ఆ నిలబడటంలో, ఆ వేషంలో కూడా వాదం ఉంది. వేషం కట్టినోడు, కట్టించినోడు ఇద్దరూ చరిత్ర చెప్పినోళ్లే.

2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. సంతోషం. నటుడికి దక్కిన ఈ గౌరవం కిరీటం చెక్కే విద్యకు కూడా దక్కొద్దా? చెక్కినవాళ్ల పేరు లేకుండా కిరీటాన్ని అద్దాల బీరువాలో పెడితే అది వస్తువుగానే మిగులుతుంది.

అందుకే పరిశోధక విద్యార్థులను మేం కోరేదొకటే. పాటను రికార్డు చేసి వచ్చేయకండి. చెక్క పేరు, ఉలి పేరు, చెక్కిన మనిషి పేరు రాయండి. ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎంత కూలి ముట్టిందో అడగండి. ఉపాధ్యాయులు వాళ్లను ప్రదర్శనకు మాత్రమే కాదు, పాఠం చెప్పడానికి పిలవాలి. అధ్యాపకుడికిచ్చే గౌరవ వేతనమే ఇవ్వాలి. ఒక చిందు బిడ్డ రేపు తన తాత పద్ధతిలో కిరీటం చెక్కి, ఎందుకట్లా చెక్కాడో రాసి తెస్తే, దాన్ని సిద్ధాంత గ్రంథంలో అధ్యాయంగా ఒప్పుకోవాలని విశ్వవిద్యాలయాల్ని అడగాల్సింది మనమే.