బాపట్ల సత్య, దుగ్గిరాల సత్య

మనకి సత్యభామ అంటే జమున. మన తాతలకి మాత్రం బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు. అప్పట్లో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్ళే కట్టేవారు. 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్య వేషమంటే ఆయనదే.

1936లో హంపిలో పుట్టిన జమున పెరిగింది దుగ్గిరాలలో. జగ్గయ్య ప్రోత్సాహంతో నాటకాల్లో వేసింది. తెలంగాణ రైతుల పోరాటం మీద సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి'లో ఆమెని చూసి, గరికపాటి రాజారావు 'పుట్టిల్లు' (1953) సినిమాలో వేషమిచ్చారు. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో సత్య ఆమే.

ఆ అలకని ఇప్పటికీ ఫోన్‌లో చూస్తాం. ఆమె వేసిన నాటకాలు మాత్రం చూసినవాళ్ళతోనే పోయాయి. జమున కథని 'పుట్టిల్లు' దగ్గర మొదలుపెడితే, ఆమెని నటిని చేసిన ఊళ్ళని వదిలేసినట్టే.