కార్డు ముసలిదయ్యేది ఎప్పుడు?

గేములు ఆడే మిత్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న: "గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే మార్చాలా, ఇంకో ఏడాది లాగించొచ్చా?" సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూసి జవాబు చెప్పేస్తాం. పాత కథలు చూస్తే ఆ లెక్క సరిపోదనిపిస్తుంది.

2005 జూన్‌లో బ్యాటిల్‌ఫీల్డ్ 2 వచ్చింది. ఎన్విడియా జీఫోర్స్ 4 టీఐ 2002లో వచ్చినప్పుడు పందెం గుర్రం. అయితే తెర మీది ప్రతి చుక్కకీ ఏ రంగు వేయాలో లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు ఉంటాయి, వాటిని పిక్సెల్ షేడర్లంటారు. ఆ కార్డుకి తెలిసింది 1.3 వెర్షన్ దాకానే. గేము 1.4 కావాలంది. అంతే, సెట్టింగులు ఎంత తగ్గించినా లాభం లేదు. తమాషా ఏమిటంటే, 2001లోనే ఏటీఐ తెచ్చిన రేడియాన్ 8500కి 1.4 వచ్చు. వయసులో పెద్దది, వేగంలో వెనక. అయినా గేము దాని మీద నడిచింది!

ఇదే కథ మళ్ళీ జరిగింది. 2017లో జీటీఎక్స్ 1080 టీఐ 699 డాలర్లకి వచ్చింది, 11 జీబీ మెమరీతో. (హైదరాబాద్‌కి ఒకవైపు టికెట్టు డబ్బులు.) మరుసటి ఏడాది ఆర్టీఎక్స్ 2080 వచ్చింది. వేగం దాదాపు అంతే, అదనంగా రే ట్రేసింగ్. విడుదల రోజున దాన్ని వాడుకునే గేము ఒక్కటీ లేదు. కొనకుండా నవ్వినవాళ్ళది ఆ రోజుకి సరైన లెక్కే. తర్వాత ఎథీరియం మైనింగ్, కొరత వచ్చిపడి, 2020, 21లలో కార్డు అసలు ధరకి దొరకడమే గగనమైంది.

1080 టీఐ అన్నేళ్ళు బతకడానికి అసలు కారణం ప్లేస్టేషన్ 4 అంటాను. 2013 నాటి ఆ పెట్టెకి రే ట్రేసింగ్ రాదు. దాని మీద కూడా నడవాల్సిన గేము, పీసీలో మాత్రం తప్పనిసరి అని ఎలా అంటుంది? 2020 నవంబరులో వచ్చిన కొత్త కన్సోళ్ళకి అది వచ్చు. అయినా పాతవాటిని వదలడానికి స్టూడియోలకి ఇంకొన్నేళ్ళు పట్టింది. 2024 డిసెంబరులో ఇండియానా జోన్స్ గేము రే ట్రేసింగ్ లేని కార్డుల్ని గుమ్మంలోనే ఆపేసింది. 2019 నాటి 399 డాలర్ల 2060 సూపర్‌ని మాత్రం లోపలికి రానిచ్చింది.

అందుకే నేను ముందు అడిగేది, "రాబోయే ఏడాది నువ్వు ఆడాలనుకునే గేములు పాత కన్సోళ్ళ మీద కూడా వస్తున్నాయా?" అని. ఒక మిత్రుడు ఆడేది కౌంటర్ స్ట్రైక్ ఒక్కటే. ఇంకా 1080 టీఐ మీదే ఉన్నాడు. మార్చమని నేనూ అనలేదు.