అటవీ కిండర్‌గార్టెన్

అటవీ కిండర్‌గార్టెన్ అనగా సుమారు 3 నుండి 6 సంవత్సరాల వయసు గల పిల్లలకు భవనంలో కాక అడవిలో నడుపబడే పూర్వ ప్రాథమిక పాఠశాల. జర్మనీలో దీనిని వాల్డ్‌కిండర్‌గార్టెన్ అంటారు. వాన కురిసినా, మంచు పడినా పిల్లలు ఆరుబయటనే గడపడం, కొన్న ఆటబొమ్మలు దాదాపుగా లేకపోవడం దీని ముఖ్య లక్షణాలు.

చరిత్ర

జర్మన్ భాషలో కిండర్‌గార్టెన్ అనగా "పిల్లల తోట". 1840లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ తన శిశు విద్యాలయానికి ఈ పేరు పెట్టాడు. అతని పద్ధతిలో తోటపనికి ముఖ్య స్థానం ఉన్నప్పటికీ, కాలక్రమంలో ఇటువంటి బడులు చాలావరకు గదులకే పరిమితమయ్యాయి. 1950 దశకం తొలినాళ్ళలో డెన్మార్కుకు చెందిన ఎల్లా ఫ్లాటౌ తన పిల్లలతో పాటు ఇరుగుపొరుగు పిల్లలను కూడా అడవికి తీసుకొని వెళ్ళేది. ఈ విధానానికి ఇదే ఆరంభమని సాధారణంగా చెప్పబడుతున్నది. జర్మనీలో మొదటిది 1968లో వీస్‌బాడెన్ నగరంలో ఉర్సులా జూబె ప్రారంభించినది. అచట ప్రభుత్వ గుర్తింపు పొందిన మొదటిది 1993లో డెన్మార్కు సరిహద్దు సమీపాన గల ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఏర్పడినది. నేడు జర్మనీలో ఇవి వెయ్యికి పైగా ఉన్నాయి.

దినచర్య

ఉదయం పిల్లలు వలయాకారంలో నిలబడి పాటలు పాడుతారు, ఎవరు రాలేదో లెక్కించుకుంటారు. పిదప వీపు సంచులలో ఫలహారం తీసుకొని అడవిలోనికి నడుస్తారు. పడిపోయిన చెట్టు మొద్దు వారి ఆటలో ఓడ అవుతుంది. పైన్ కాయలతో లెక్కలు నేర్చుకుంటారు. చలి తీవ్రమైనపుడు తలదాచుకొనుటకు చక్రాలపై నిలిపిన చిన్న చెక్క గది వంటిది ఉంటుంది.

భద్రత

ప్రహరీ గోడ ఉండదు కనుక పిల్లల భద్రత నియమాలపైన, ఉపాధ్యాయుల అప్రమత్తతపైన ఆధారపడుతుంది. పిలిస్తే వినబడనంత దూరం పోరాదు. నిర్ణయించిన చోట ఆగి మిగిలినవారి కొరకు వేచి ఉండాలి. అడవిలో దొరికిన దేనినీ అడగకుండా నోట పెట్టరాదు. పెనుగాలులు వీచే రోజులలో అడవిలోనికి వెళ్ళరు. పిడుదుల వలన లైమ్ వ్యాధి సోకవచ్చు కనుక ఇంటికి వచ్చిన పిల్లల ఒంటిని తల్లిదండ్రులు పరిశీలించవలసి ఉంటుంది.

ఫలితాలు, పరిమితులు

2002లో పీటర్ హెఫ్నర్ హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసం ప్రకారం, ఈ బడులలో చదివిన పిల్లలు ఒకటవ తరగతిలో పాఠంలో పాల్గొనడం, సాంఘిక ప్రవర్తన వంటి అంశాలలో ఇతరుల కంటే మెరుగుగా ఉన్నారు. అయితే ఇటువంటి బడిని కోరి ఎంచుకునే కుటుంబాల నేపథ్యం కూడా ఇందుకు కొంత కారణం కావచ్చు.

అడవి అందుబాటులో లేని నగరాలకు సంబంధించి ఫిన్లాండు పరిశోధన ఒకటి 2020లో వెలువడినది. శిశు సంరక్షణ కేంద్రాల ఆవరణలలో అడవి నేల, పచ్చిక పరచి, 3 నుండి 5 ఏళ్ళ పిల్లలను అందులో ఆడించగా, 28 రోజులలో వారి చర్మంపై ఉండే సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగినది. రోగనిరోధక వ్యవస్థ సూచికలలో కూడా అనుకూలమైన మార్పులు కనిపించాయి.