ఆగిన చోట పనిచేసే కిరణం

ప్రోటాన్ చికిత్స అనే మాట ఈ మధ్య మన సభ్యుల మధ్య తరచు వినబడుతోంది. సర్వీసులో ఎక్కువ భాగం ప్రభుత్వాసుపత్రిలో కోబాల్ట్ యంత్రం దగ్గర గడిపినవాణ్ణి గనుక, దాని పూర్వాపరాలు నాలుగు ముక్కలు రాయమని మన సంఘం పెద్దలు కోరారు.

కోబాల్ట్ నుంచి వచ్చే గామా కిరణాలు గాని, ఎక్స్‌రేలు గాని శరీరంలో ఒక పక్క ప్రవేశించి, దారి పొడవునా శక్తిని వదులుతూ రెండో పక్కకు పోతాయి. కణితితో పాటు దాని ముందు వెనుకల ఉన్న మంచి కణాలకూ దెబ్బ తప్పదు. అందుకే మేము రెండు మూడు వైపుల నుంచి కిరణాలు ఇచ్చేవాళ్ళం. అయినా చర్మం కమిలి, నోరు పూసి, అన్నం మింగలేక బాధపడిన రోగులను ఎందరినో చూశాను.

ప్రోటాన్ల వంటి విద్యుదావేశ కణాల తీరు వేరు. వేగంగా పోయేటప్పుడు అవి తక్కువ శక్తిని వదులుతాయి. వేగం తగ్గి ఆగబోయే చోట మిగిలినదంతా గుమ్మరిస్తాయి. ఈ గుణాన్ని 1904 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో విలియం హెన్రీ బ్రాగ్ ఆల్ఫా కణాలలో గుర్తించారు. దానికి ఆయన పేరిట బ్రాగ్ శిఖరం అని పేరు వచ్చింది. అయితే దీనిని క్యాన్సర్ వైద్యానికి వాడవచ్చునని 1946లో రాసినవారు అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విల్సన్. అణుబాంబు తయారీలో పనిచేసిన వ్యక్తే యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఈ మాట చెప్పడం గమనించదగ్గది.

1954లో అమెరికాలోని బర్క్‌లీలో తొలిసారి రోగులకు ప్రోటాన్లు ఇచ్చారు. పుర్రె ఎముకల ఆనవాళ్ళను బట్టి చోటు తేలికగా తెలిసే పిట్యూటరీ గ్రంథిని అందుకు ఎంచుకున్నారు. 1957లో స్వీడన్‌లోని ఉప్సలలో, 1961లో హార్వర్డ్‌లో ఈ పని సాగింది. అవన్నీ భౌతికశాస్త్ర ప్రయోగశాలలు. రోగులే అక్కడికి వెళ్ళవలసి వచ్చేది. పైగా కణితి ఎంత లోతున ఉందో సరిగా తెలియనిదే, ఆగే చోటును ఎంచుకునే సౌకర్యం ఉండీ లాభం లేదు. 1970లలో సి.టి. స్కాన్ వచ్చాక ఆ కొరత తీరింది. 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఆసుపత్రిలోనే ప్రోటాన్ యంత్రం నెలకొల్పారు. 1994లో జపాన్‌లోని చిబాలో, ప్రోటాన్ల కంటే బరువైన కార్బన్ అయాన్లతో చికిత్స మొదలైంది. మన దేశంలో 2019లో చెన్నై అపోలోలోను, 2023లో నవీ ముంబై ఖార్ఘర్‌లోని టాటా స్మారక కేంద్రంలోను ప్రోటాన్ చికిత్స ప్రారంభమైంది.

ఇక అసలు సంగతి. పిల్లల కణితులు, కంటిలోవి, మెదడు అడుగున, వెన్నుపాము పక్కన ఉన్నవి — ఇటువంటి వాటికి ఈ చికిత్స ఎంతో మేలు. అనేక ఇతర క్యాన్సర్లకు నేటి లీనియర్ యాక్సిలరేటర్ ఎక్స్‌రేలతోనే మంచి ఫలితాలు వస్తున్నాయి. ఖర్చూ తక్కువే. కనుక సోదర పెన్షనర్లకు నా మనవి ఒక్కటే. మీ ఇంట ఎవరికైనా ఈ జబ్బు వస్తే, ప్రోటాన్ కోసం ఇల్లు అమ్మాలా అని తేల్చుకోలేక నెలలు గడపవద్దు. ఈ రోగికి దీనివల్ల అదనంగా కలిగే లాభమేమిటని డాక్టరుగారిని సూటిగా అడగండి. అందుబాటులో ఉన్న సరైన చికిత్సను ఆలస్యం చేయకుండా మొదలుపెట్టండి.