దెబ్బతిన్న కాంపోజిట్లలో పరారుణ వికృతి కొలత

కాంపోజిట్ ఫలకాన్ని యంత్రంలో బిగించి, సెకనుకు కొన్ని సార్లు లాగుతూ వదులుతూ, దాని ఉపరితలంపై పుట్టే అతిస్వల్ప ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులను పరారుణ కెమెరాతో పట్టి వికృతిని (స్ట్రెయిన్) లెక్కగట్టే పద్ధతి ఇది. థర్మోఎలాస్టిక్ విశ్లేషణ అన్న పేరు దీనికి స్థిరపడింది. వికృతిని కొలిచే స్ట్రెయిన్ గేజ్ తనను అంటించిన చోటు సంగతే చెబుతుంది. కెమెరాకు కనబడినంత మేరా ఈ కొలత దొరుకుతుంది. నష్టం ఎక్కడ మొదలవుతుందో ముందుగా ఊహించడం కష్టమైన కాంపోజిట్లకు అదే ముఖ్యం.

ఈ పద్ధతికి మూలం పాతదే. ఇంగ్లండ్‌లోని కెండల్‌కు చెందిన జాన్ గాఫ్ అంధుడు. రబ్బరు పట్టీని పెదవులకు ఆనించి చటుక్కున సాగదీస్తే వెచ్చబడుతుందని, వదిలితే చల్లబడుతుందని ఆయన 1805లో ప్రకటించాడు. 1830లో విల్‌హెల్మ్ వెబర్ లోహపు తీగల్లో ఇటువంటి మార్పునే గమనించాడు. లోహాన్ని లాగితే చల్లబడుతుంది, రబ్బరుకు విరుద్ధంగా. ఎందుకో 1850లలో విలియం థామ్సన్ (తర్వాత లార్డ్ కెల్విన్) సిద్ధాంతంతో తేల్చాడు: వేడికి వ్యాకోచించేది లాగితే చల్లబడుతుంది, వేడికి కుంచించుకుపోయేది లాగితే వేడెక్కుతుంది. 1859లో జౌల్ ప్రయోగాలు దాన్ని బలపరిచాయి.

సూత్రం చేతికొచ్చినా పరికరం రావడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఉక్కులో ప్రతిబలం (స్ట్రెస్) 1 మెగాపాస్కల్ మారితే ఉష్ణోగ్రత మారేది డిగ్రీలో వెయ్యో వంతు. 1960ల చివర అమెరికాలో బెల్గెన్ పరారుణ రేడియోమీటర్‌తో దాన్ని కొలవవచ్చని చూపాడు. 1978లో బ్రిటన్‌లో మౌంటెన్, వెబ్బర్ వివరించిన ‘స్పేట్’ పద్ధతి 1982 నాటికి మార్కెట్లోకి వచ్చింది. అందులో ఉన్నది ఒకే డిటెక్టర్. అద్దాలు తిప్పుతూ ఒక్కో బిందువునూ చదవాలి, ఒక చిత్రం పూర్తయ్యేసరికి గంటలు గడిచేవి. ఈలోగా పగులు పెరిగిపోతే చిత్రం పైభాగం ఒక స్థితిని, కిందిభాగం మరో స్థితిని చూపేది! 1990లలో వేల డిటెక్టర్లను ఒకే చిప్‌పై పేర్చిన కెమెరాలు ఈ బాధ తీర్చాయి. లోడ్ సంకేతంతో జతచేసి వేల ఫ్రేముల సగటు తీస్తే, కెమెరా సొంత రొద కన్నా చిన్న మార్పులు కూడా బయటపడతాయి.

అసలు చిక్కు కాంపోజిట్ల దగ్గర వచ్చింది. కార్బన్ పోగు తన పొడవునా వేడికి దాదాపు వ్యాకోచించదు, కొంచెం కుంచించుకుపోతుంది కూడా. దాని చుట్టూ ఉన్న ఎపాక్సీ రెజిన్ బాగా వ్యాకోచిస్తుంది. ఒకే లాగుడుకు రెండూ రెండు రకాలుగా స్పందిస్తాయి, వేర్వేరు దిశల్లో పేర్చిన పొరల మధ్య వేడి అటూఇటూ ప్రవహిస్తుంది. లోడ్ వేగం పెంచితే ఆ ప్రవాహానికి వ్యవధి చాలదు. అప్పుడు పైనున్న పలుచని రెజిన్ పొర కింది ఫలకంతో పాటు సాగుతూ, దాని వికృతికి తానే గేజ్‌గా పనిచేస్తుంది. ప్రతిబలం కన్నా వికృతిని లెక్కగట్టడమే మేలన్న ఆలోచనకు ఇది ఊతమిచ్చింది.

ఫలకం దెబ్బతిన్నాక మరో వేడి తోడవుతుంది. విడిపోయిన పొరలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని ఆ చోటును క్రమంగా వేడెక్కిస్తాయి. 300 కెల్విన్‌ల దగ్గర 3 డిగ్రీలు పెరిగితే కెల్విన్ సూత్రం ప్రకారం ఆ హెచ్చుతగ్గుల్లో తేడా 1 శాతమే. కానీ కెమెరా లెక్కించేది ఫోటాన్లను, వాటి సంఖ్య ఉష్ణోగ్రతతో అంతకన్నా చాలా వేగంగా పెరుగుతుంది. సరిదిద్దకపోతే, వేడెక్కిన చోటల్లా వికృతి పెరిగినట్టు భ్రమ కలుగుతుంది. బ్రిటన్‌లో ఎమరీ, డ్యూలియూ-బార్టన్ 2010లో ప్రచురించిన పరిశోధన ఈ రెండు వేడులను విడదీయడంపైనే దృష్టి పెట్టింది: ప్రతి బిందువు సగటు ఉష్ణోగ్రతను విడిగా కొలిచి, దాని ప్రభావాన్ని తీసేసి, మిగిలిన హెచ్చుతగ్గులనే వికృతిగా చదవడం. నా దృష్టిలో ఈ రంగంలో కెమెరాల మెరుగుదల కన్నా ఇదే పెద్ద అడుగు.

ఆ తర్వాత డిటెక్టర్‌ను చల్లబరిచే ఖరీదైన కెమెరాల స్థానంలో, అలా చల్లబరచనవసరం లేని చవకైన మైక్రోబోలోమీటర్ కెమెరాలు కూడా చాలునని ఆస్ట్రేలియా రక్షణ పరిశోధకులు చూపారు. లోతున ఉన్న నష్టం మాత్రం పైపొర వికృతిని మార్చినప్పుడే చిత్రంలో కనబడుతుంది; అంతకు లోపలిది వెతకడానికి అల్ట్రాసౌండ్ వాడతారు.