సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు: గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ పోయించాలి?

మోకాళ్ల నొప్పులున్న నాన్నకు క్లచ్ తొక్కే బాధ ఉండదని సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొన్నారనుకుందాం. హైదరాబాద్‌లో బేరం కుదిరింది, బండి ధూళిమిట్టకు వచ్చింది. మొదటి సర్వీసింగ్‌లో ఇంజిన్ ఆయిల్ మారుస్తూ మెకానిక్, ‘గేర్ ఆయిల్ కూడా మార్చేద్దామా అన్నా?’ అని అడుగుతాడు. అక్కడ వెంటనే సరే అనకండి. ఇంజిన్ ఆయిల్ కాస్త అటూఇటూ అయినా బండి చాలావరకు సర్దుకుంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అలా సర్దుకోదు. అది పాడై మొత్తం మార్చాల్సి వస్తే ఖర్చు లక్ష దాటవచ్చు. పాత కారు ధరలో అది చిన్న భాగం కాదు.

‘ఆటోమేటిక్’ అనేది ఒక్క యంత్రం పేరు కాదు

చిక్కంతా ఇక్కడే ఉంది. మన రోడ్ల మీద తిరిగే ఆటోమేటిక్ కార్లలో ప్రధానంగా నాలుగు రకాల గేర్‌బాక్స్‌లున్నాయి. నాలుగింటికీ ఆయిల్ వేరు.

మొదటిది టార్క్ కన్వర్టర్ రకం. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్, 2015లో వచ్చిన క్రెటా ఆటోమేటిక్ ఈ కోవలోవి. ఏటీఎఫ్ అని పిలిచే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ అసలు వీటి కోసమే. అయితే అందులోనూ క్రిస్టాకు టయోటా డబ్ల్యూఎస్, క్రెటాకు హ్యుందాయ్ ఎస్పీ-4 అని ఎవరిది వారికే ఉంది. రెండోది సీవీటీ. ఇందులో గేర్ల బదులు రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. ఆ బెల్టు జారకుండా పుల్లీని పట్టుకోవడానికి తగిన ఆయిలే కావాలి. మామూలు ఏటీఎఫ్ పోస్తే పట్టు తప్పి బెల్టు జారుతుంది, పుల్లీలు గీతలు పడతాయి. బయటికి మొదట ఏమీ తెలియదు. కొంతకాలానికి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ గోల పెడుతుంది కానీ బండి కదలదు.

మూడోది ఏఎంటీ. 2014లో సెలేరియోతో మారుతి మొదలుపెట్టిన ఏజీఎస్ ఇదే. పేరుకు ఆటోమేటిక్ కానీ లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మన బదులు ఒక యాక్చుయేటర్ చేస్తుంది. అందుకే ఈ గేర్‌బాక్స్‌లో పోయాల్సింది ఏటీఎఫ్ కాదు, కంపెనీ చెప్పిన మాన్యువల్ గేర్ ఆయిల్. మారుతి ఏజీఎస్‌లో యాక్చుయేటర్‌కు విడిగా ఒక చిన్న హైడ్రాలిక్ వ్యవస్థ ఉంటుంది, దాని ఆయిల్ మళ్లీ వేరు. నాలుగోది రెండు క్లచ్‌లుండే డీసీటీ. పాత పోలో జీటీ టీఎస్ఐలోని ఏడు గేర్ల డీఎస్‌జీ ఈ రకం. దీని ఆయిల్ పని తెలిసినవారికే అప్పగించండి, ఇంటి దగ్గర ప్రయోగాలు వద్దు.

పేరు అదే, పెట్టె వేరు

కారు పేరు చూసి ఆయిల్ కొంటే ఎలా దెబ్బతింటామో హోండా సిటీయే చెబుతుంది. 2008 చివరి నుంచి 2013 వరకు అమ్మిన సిటీ ఆటోమేటిక్‌లో ఐదు గేర్ల టార్క్ కన్వర్టర్ పెట్టె ఉండేది. దానికి హోండా ఇప్పుడు చెప్పే ఆయిల్ ఏటీఎఫ్ డీడబ్ల్యూ-1. 2014 జనవరిలో వచ్చిన కొత్త సిటీలో సీవీటీ పెట్టారు. దానికి హెచ్‌సీఎఫ్-2. ఒకదాని బదులు మరొకటి పనికిరాదు. 2013లో తయారై 2014లో రిజిస్ట్రేషన్ అయిన బండిని ఊహించండి. అమ్మేవాళ్లు దాన్ని ‘14 మోడల్’ అంటారు. ఆ మాట నమ్మితే సీవీటీ ఆయిల్ తెస్తారు, పెట్టె మాత్రం పాతది.

బాలెనో సంగతీ ఇంతే. 2015లో వచ్చినప్పుడు ఆటోమేటిక్ అంటే సీవీటీ. 2022 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త బాలెనోలో ఏజీఎస్. పోలో జీటీ టీఎస్ఐలో 2020 నుంచి డీఎస్‌జీ తీసేసి ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఇచ్చారు.

నంబర్ ప్లేటు కాదు, ఆర్సీ చూడండి

ప్లేటును బట్టి బండి వయసు లెక్కేసే అలవాటు మనకు ఎక్కువ. మన వైపు అది మరీ తికమక. ధూళిమిట్ట ప్రాంతం 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. అప్పటి బండ్లకు ఏపీ 36, రాష్ట్రం వచ్చాక టీఎస్ 03. సిద్దిపేట జిల్లా అయ్యాక టీఎస్ 36, 2024 మార్చి నుంచి టీజీ 36. అంటే 36 నంబరు రెండు వేర్వేరు జిల్లాలది. ఏదైనా ప్లేటు చెప్పేది రిజిస్ట్రేషన్ గురించే, తయారీ గురించి కాదు.

ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం విడిగా ఉంటాయి. మోడల్ పేరు చివర ఏటీ, సీవీటీ, ఏజీఎస్ లాంటి అక్షరాలు చాలాసార్లు కనిపిస్తాయి. కార్డు చేతికి రాకముందే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ప్రాథమిక వివరాలు చూసుకోవచ్చు. ఫైనాన్స్ బకాయి, ఇన్సూరెన్స్ గడువు ఎలాగూ చూస్తారు కదా, అదే చూపులో ఇదీ రాసుకోండి. తర్వాత ఓనర్స్ మాన్యువల్ చివరి పేజీల్లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పేరు, పరిమాణం వెతకండి. పుస్తకం పోతే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరకవచ్చు. అనుమానం తీరకపోతే ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, ఈ బండికి ఏ ఆయిల్ అని అడగండి. చివరి మాట ఆ నంబరుదే.

డబ్బా మీద ఏముంది?

రంగు చూసి మోసపోవద్దు. ఏటీఎఫ్‌కు ఎర్ర రంగు కలిపేది లీకు ఎక్కడిదో గుర్తుపట్టడానికే, అది నాణ్యతకు గుర్తు కాదు. ఆయిల్ దుకాణాల్లో డెక్స్‌రాన్-3 అని రాసిన ఎర్ర ఆయిల్ చవకగా దొరుకుతుంది. పవర్ స్టీరింగ్‌లో పోయడం చూసి, గేర్‌బాక్స్‌కూ అదే అనుకునేవారున్నారు. ఆ పేరు జనరల్ మోటార్స్‌ది. డెక్స్‌రాన్-3 లైసెన్సులను ఆ సంస్థ 2006తోనే ఆపేసింది. కాబట్టి ఇవాళ ఆ పేరుతో వచ్చే డబ్బా వెనుక ఆ సంస్థ తనిఖీ ఏదీ లేదు.

అన్ని బండ్లకూ సరిపోతుందనే ‘మల్టీ వెహికల్’ ఆయిల్స్ అన్నీ చెడ్డవని కాదు. కానీ ‘సూటబుల్ ఫర్’ అంటే ఆయిల్ తయారుచేసినవారి మాట, ‘అప్రూవ్డ్’ అంటే కారు కంపెనీ ఆమోదం. టార్క్ కన్వర్టర్ బండికైతే పేరున్న మల్టీ వెహికల్ ఆయిల్‌ను, మీ స్పెసిఫికేషన్ పేరు డబ్బా మీద ఉంటే, ఆలోచించవచ్చు. సీవీటీకి మాత్రం కంపెనీ ఆయిలే పోయించండి. మిగిలే వందల రూపాయలకు ఆ రిస్కు తగదు.

‘లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు’ అనే మాట కూడా వింటారు. గేర్‌బాక్స్‌లు తయారుచేసే జర్మనీ సంస్థ జడ్ఎఫ్ తన ఆటోమేటిక్‌లకు 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు మార్చమని చెబుతుంది. మీ మాన్యువల్‌లో కఠిన వినియోగానికి వేరే గడువు ఉంటే దాన్నే పట్టించుకోండి. మన ఎండలు, దుమ్ము, కొమురవెల్లి మల్లన్న జాతర ఆదివారాల్లో నత్తనడక ట్రాఫిక్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

టార్క్ కన్వర్టర్ బండిలో డ్రెయిన్ నట్టు విప్పితే మొత్తం ఆయిల్ రాదు, కొంత లోపలే ఉండిపోతుంది. మెషిన్‌తో ఒత్తిడి పెట్టి కడిగించడం కన్నా, కొంతకాలం నడిపి మరోసారి మార్చడం పాత బండికి నయం. తీసిన ఆయిల్ నల్లగా, మాడు వాసనతో ఉండి, బండి అప్పటికే జారుతుంటే కొత్త ఆయిల్ దాన్ని బాగుచేయదు. కొనకముందే ఈ పరీక్ష చేయిస్తే బేరమైనా తగ్గుతుంది.

పొరపాటున వేరే ఆయిల్ పోశారని తెలిస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకండి. ట్రాక్టర్‌కు తాడు కట్టి లాగించడమూ వద్దు. ఇంజిన్ ఆగి ఉండగా చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్‌కు ఆయిల్ అందదు. బండిని పూర్తిగా ఎక్కించుకునే రికవరీ వాహనాన్నే పిలవండి.

తీసేసిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. చెద పట్టదని కర్రలకు పూయడం, కాలువలో పారబోయడం మానుకుని వర్క్‌షాప్‌కే వదిలేయండి.

బిల్లు మీద ‘గేర్ ఆయిల్’ అని ఊరుకోకుండా ఆయిల్ పూర్తి పేరు, లీటర్లు, కిలోమీటర్ల రీడింగు రాయించుకోండి. డబ్బా మీది బ్యాచ్ నంబరు ఫోటో తీసుకోండి. తప్పు ఆయిల్ వల్ల నష్టం జరిగి వర్క్‌షాప్ ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. నష్టం జరిగిన రెండేళ్లలోపు వేయాలి.