తెల్లారుజామున నాలుగున్నర

2014 నవంబరు. చల్లపల్లి ఇంకా నిద్రలోనే ఉంది. వీధి దీపం చుట్టూ మంచు. పూడిపోయిన మురుగుకాలవ గుప్పున కంపు కొడుతోంది. చీకట్లోంచి చీపుళ్లు, పారలు, గంపలు కదిలొచ్చాయి. వాటిని పట్టుకున్నవాళ్లలో డాక్టర్ డీఆర్కే ప్రసాద్, డాక్టర్ పద్మావతి ఉన్నారు. ఊళ్లో ఆస్పత్రి నడిపే దంపతులు. ఈ వేళప్పుడు వీళ్లకి రోడ్డు మీద ఏం పని?

పని పాతదే. మందు రాసిచ్చి పంపినా రోగి మళ్లీ అదే కాలవ పక్కకి వెళ్తాడు. అందుకే అంతకుముందే గంగులవారిపాలెం రోడ్డు మీద నిలబడ్డారు. అప్పట్లో అది బహిర్భూమి. చెంబు పట్టుకొచ్చినవాళ్లకి చేతులు జోడించి, ఇక్కడ వద్దండీ అని బతిమాలారు. మర్నాడూ నిలబడ్డారు. ఆ రోడ్డు బాగుపడింది. మరి ఊరు?

ఊరు ఏ ఒక్కరి సొత్తూ కాదు. అరుగు ఒకరిది. దాని కింద కాలవ పంచాయతీది. ఎదుటి కొట్టు ఇంకొకరిది. ఎవరి గడప వాళ్లు ఊడ్చి చెత్త పక్కకి తోస్తే, ఆ చెత్తకి దిక్కెవరు? పార కాలవలో దిగింది. నల్లటి బురద పైకి లేచింది. ఒక్కో తలుపూ తెరుచుకుంది. గడపలోకి వచ్చినవాళ్లు కసురుతారా, కలిసొస్తారా?

కలిసొచ్చారు. మాస్టార్లు, రైతులు, గృహిణులు, రిటైరైన ఉద్యోగులు, చదువుకునే పిల్లలు, ఒకరు తవ్వితే ఒకరు ఎత్తుతూ, ఒకరు ఊడిస్తే ఒకరు మొక్క నాటుతూ, బస్టాండు నుంచి శ్మశానం దాకా, వీధి వెంట వీధి, తూర్పు తెల్లబడేవరకూ నడుం వంచుతూనే ఉన్నారు. ఖర్చులకి 'మనకోసం మనం' ట్రస్టు నిలబడింది. అంతా బాగానే ఉంది. కానీ వాన పడింది. ఊడ్చిన చోటే మళ్లీ చెత్త పడింది. విసిగి చీపురు పారేస్తారా?

పారెయ్యలేదు. 'స్వచ్ఛ చల్లపల్లి' పేరుతో కలిసిన ఈ కార్యకర్తలు ఏళ్ల తరబడి అదే వేళకి వస్తూనే ఉన్నారు. పాత ఊరికి ఒక్కసారి సున్నం కొట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. కాలవ రోజూ పూడుతుంది. సొంతిల్లున్నవాళ్లూ, అద్దెకున్నవాళ్లూ, కొట్టు పెట్టుకున్నవాళ్లూ, పంచాయతీ వాళ్లూ రోజూ ఆ కాలవ దగ్గర కలవాలి. మన పాత వీధులన్నిటికీ ఇదే మందు. చల్లపల్లి వాడి చూపించింది. మిగతా ఊళ్లు వాడడమే తరువాయి.